కఫాన్ని కదిలించే చికిత్స: బ్రాంకియెక్టాసిస్‌లో ఫిజియోథెరపీ ఎందుకు, ఎలా

బ్రాంకియెక్టాసిస్ ఉన్న వ్యక్తికి ఆసుపత్రిలో ఇచ్చే మందుల చీటీని గమనిస్తే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. యాంటీబయాటిక్ పేరు, మోతాదు, ఎన్ని రోజులు వాడాలో స్పష్టంగా ఉంటుంది. ఇన్‌హేలర్ రోజుకు ఎన్నిసార్లు పీల్చాలో ఉంటుంది. అడుగున మాత్రం ‘ఛాతీ ఫిజియో’ అని రెండు ముక్కలు రాసి వదిలేస్తారు. ఏ పద్ధతి, ఎంతసేపు, ఏ వైపు పడుకుని, ఎవరి దగ్గర నేర్చుకోవాలి అన్న వివరాలు ఉండవు. యాంటీబయాటిక్ కోర్సు రెండు వారాల్లో అయిపోతుంది. కఫం మాత్రం రోజూ తయారవుతూనే ఉంటుంది. ఈ జబ్బులో రోజువారీ భారం మోసే చికిత్స ఆ రెండు ముక్కల్లోనే ఉంది. అన్నిటికంటే తక్కువగా పట్టించుకుంటున్నదీ దాన్నే.

ఊపిరితిత్తుల్లోకి గాలిని తీసుకెళ్లే నాళాలు చీలుతూ పోయేకొద్దీ సన్నబడాలి. బ్రాంకియెక్టాసిస్‌లో వాటి గోడలు దెబ్బతిని, నాళాలు శాశ్వతంగా వెడల్పవుతాయి. పక్కనే ఉన్న రక్తనాళం కంటే గాలి నాళం లావుగా ఉండటం, ఊపిరితిత్తి అంచు దాకా వెళ్లినా సన్నబడకపోవడం సీటీ స్కాన్‌లో దీనికి గుర్తులు. స్టెతస్కోపును కనిపెట్టిన ఫ్రెంచి వైద్యుడు రెనే లేనెక్ 1819లోనే ఈ జబ్బును వర్ణించాడు. ఆరోగ్యవంతుల శ్వాసనాళాల్లోనూ రోజూ కొంత కఫం పుడుతుంది. నాళాల లోపలి పొర మీద ఉండే సీలియా అనే అతి సన్నని కేశాలు దాన్ని నిరంతరం గొంతు వైపు నెడుతుంటాయి. మనకు తెలియకుండానే దాన్ని మింగేస్తాం. నాళం దెబ్బతిన్నచోట ఆ కేశాలు పనిచేయవు, కఫం చిక్కబడి అక్కడే నిలిచిపోతుంది. నిలిచిన కఫంలో బ్యాక్టీరియా పెరుగుతుంది. దానితో పోరాడేందుకు వచ్చిన తెల్లరక్తకణాలు విడుదల చేసే ఎంజైములు నాళం గోడను మరింత తినేస్తాయి. గోడ దెబ్బతిన్నకొద్దీ కఫం ఇంకా ఎక్కువగా నిలుస్తుంది. బ్రిటిష్ వైద్యుడు పీటర్ కోల్ 1986లో దీన్ని విషవలయంగా వివరించాడు. నేటికీ ఈ జబ్బు చికిత్స అంతా ఆ ఆలోచన చుట్టూనే తిరుగుతోంది.

యాంటీబయాటిక్ ఆ వలయంలో బ్యాక్టీరియాను కొడుతుంది. 2025 ఆగస్టులో అమెరికాలో ఆమోదం పొందిన బ్రెన్సోకాటిబ్ అనే మాత్ర తెల్లరక్తకణాల ఎంజైములను అడ్డుకుంటుంది. ఈ జబ్బు కోసమే ఆమోదం పొందిన తొలి మందు అది, సంతోషించాల్సిన పరిణామమే. అయితే నాళంలో ఇప్పటికే పేరుకున్న కఫాన్ని ఈ రెండూ బయటికి తీయలేవు. ఆ పని ఊపిరితో, కండరాలతో, శరీర భంగిమతో చేయాల్సిందే.

పాత క్షయ మిగిల్చిన మచ్చ

యూరప్‌లో ఈ జబ్బు ఎక్కువగా వయసు మీరిన మహిళల్లో కనిపిస్తుంది. చాలామందిలో కారణం తేలదు. భారతదేశంలో పరిస్థితి వేరు. దేశంలోని 31 కేంద్రాల్లో 2,195 మంది వివరాలు సేకరించిన ఎంబార్క్-ఇండియా రిజిస్ట్రీ ఫలితాలు 2019లో వెలువడ్డాయి. వారిలో 35.5 శాతం మందికి జబ్బు మూలం ఒకప్పుడు వచ్చిన క్షయ. మగవారి సంఖ్య ఎక్కువ. యూరప్ రోగులతో పోలిస్తే వయసు తక్కువ, జబ్బు తీవ్రత ఎక్కువ. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు ఉన్న దేశంలో ఇది ఆశ్చర్యం కలిగించదు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ఉన్న ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రులను జనం ఇప్పటికీ ‘టీబీ ఆసుపత్రి’ అనే పిలుస్తారు.

క్షయ మందులు పూర్తయి, కఫం పరీక్షలో క్రిములు లేవని తేలితే ప్రభుత్వ రికార్డులో ఆ వ్యక్తి నయమైనట్టే. ఊపిరితిత్తిలో మిగిలిన మచ్చ, దాని పక్కన సాగిపోయిన నాళాలు ఆ రికార్డులోకి ఎక్కవు. కొన్నేళ్ల తర్వాత దగ్గు, కఫం, నీరసం మొదలైతే ‘మళ్లీ టీబీ వచ్చింది’ అని ఇంటిల్లిపాదీ హడలిపోతారు. పరీక్ష చేయకుండానే రెండోసారి క్షయ మందులు మొదలుపెట్టిన సందర్భాలూ ఉంటాయి. ఎక్స్‌రేలో పాత మచ్చ, కొత్త జబ్బు ఒకేలా కనిపించవచ్చు కనుక కఫాన్ని క్షయ క్రిముల జన్యు ఆనవాళ్లు పట్టే సీబీనాట్ పరీక్షకు పంపడం, అనుమానం ఉంటే సీటీ స్కాన్ తీయడం ముందు జరగాలి. ఫిజియోథెరపిస్టుకు కూడా ఇది అవసరమే. క్రియాశీల క్షయ లేదని తేలే వరకు కఫం తీయించే వ్యాయామాలను గాలి బాగా ఆడే చోట, ఇతర రోగులకు దూరంగా, సరైన మాస్కుతో చేయించాలి.

క్షయ వల్ల వచ్చిన బ్రాంకియెక్టాసిస్‌కు మరో ప్రత్యేకత ఉంది. క్షయ సాధారణంగా ఊపిరితిత్తి పైభాగాన్ని పట్టుకుంటుంది. మనిషి కూర్చున్నా నిలబడినా పైభాగంలోని కఫం భూమ్యాకర్షణ వల్ల తనంతట తానే కిందికి జారి, పెద్ద నాళాల్లోకి వచ్చేస్తుంది. అందుకే వీరిలో కొందరికి రోజువారీ కఫమే ఉండదు. రక్తం పడటంతోనే జబ్బు బయటపడుతుంది. దీన్ని పొడి బ్రాంకియెక్టాసిస్ అంటారు. ఇలాంటి వారికి ఉదయం, సాయంత్రం అరగంట వ్యాయామం అంటగట్టడంలో అర్థం లేదు. ఇన్ఫెక్షన్ వచ్చి కఫం పెరిగినప్పుడు వాడుకునేందుకు ఒక పద్ధతి చక్కగా నేర్చుకుని ఉంటే చాలు. చిన్నతనంలో న్యుమోనియా, తట్టు, కోరింత దగ్గు వచ్చినవారిలో దెబ్బ ఎక్కువగా కిందిభాగాల మీద పడుతుంది. అక్కడి కఫం ఎదురెక్కాలి కాబట్టి అడుగున నిలిచిపోతుంది. వీరికి రోజువారీ సాధన తప్పదు. జబ్బు పేరు ఒకటే అయినా చేయాల్సింది వేరు. ఫిజియోథెరపిస్టు సీటీ స్కాన్ చూసి, ఏ భాగం దెబ్బతిన్నదో తెలుసుకున్నాకే పద్ధతి ఎంచుకోవాలి. స్కాన్ ఫిల్మును బీరువాలో పెట్టకుండా వెంట తీసుకెళ్లమని రోగికి చెప్పాల్సింది అందుకే.

ఆధారాలు ఏం చెబుతున్నాయి

ఈ వ్యాయామాలు నిజంగా పనిచేస్తాయా అన్న ప్రశ్న న్యాయమైనదే. 2015లో, వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ అప్పటిదాకా జరిగిన ప్రయోగాలను సమీక్షించింది. దొరికినవి ఏడే, అన్నిటిలో కలిపి ఉన్నది 105 మంది. ఒక దీర్ఘకాలిక జబ్బుకు ప్రధాన చికిత్స విషయంలో ఇంత తక్కువ పరిశోధన జరగడం విచారకరం. అమ్ముకోదగ్గ మందు లేని చోట పెద్ద ప్రయోగాలకు పెట్టుబడి దొరకడం కష్టం, ఆ నష్టం రోగులకే.

ఉన్నంతలో బలమైన ఆధారం 2018లో స్పెయిన్ నుంచి వచ్చింది. 44 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుతో ఏడాది పాటు రోజుకు రెండుసార్లు ఎల్టగోల్ అనే పద్ధతి (పక్కకు పడుకుని నెమ్మదిగా ఊపిరి వదలడం) సాధన చేయించారు. రెండో జట్టుతో కఫానికి సంబంధం లేని ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేయించారు. మొదటి జట్టులో కఫం ఎక్కువగా బయటికి వచ్చింది, జబ్బు తిరగబెట్టడం తగ్గింది, జీవన నాణ్యత మెరుగుపడింది. ప్రయోగం చిన్నదే, కానీ ఏడాది పాటు సాగింది కాబట్టి దానికి విలువ ఉంది. పద్ధతులను ఒకదానితో ఒకటి పోల్చిన అధ్యయనాల్లో మాత్రం ఫలానాదే గొప్పదని తేలలేదు. అందుకే యూరోపియన్ రెస్పిరేటరీ సొసైటీ 2017లో, బ్రిటిష్ థొరాసిక్ సొసైటీ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు ఒకే పద్ధతిని పట్టుకు వేలాడలేదు. రోజూ కఫం పడేవారికి, కఫం తేలిగ్గా రానివారికి శ్వాస సంబంధ శిక్షణ ఉన్న ఫిజియోథెరపిస్టు నేర్పాలనీ, రోగికి కుదిరే పద్ధతిని ఎంచుకోవాలనీ చెప్పాయి. రోజుకు ఒకటి రెండుసార్లు చేయాలన్నది యూరప్ సూచన.

దీన్నుంచి తేలే విషయం ముఖ్యమైనది. ఏ పద్ధతి అన్నదానికంటే, దాన్ని ఎంత బాగా నేర్పారు, రోగి ఎన్నాళ్లు కొనసాగించాడు అన్నవే ఫలితాన్ని నిర్ణయిస్తాయి. నేర్పడం అంటే కాగితం చేతికివ్వడమో, వీడియో లింకు పంపడమో అయితే ఈ చికిత్స జరగనట్టే.

ఒక పూట సాధన

ఎక్కువగా నేర్పే పద్ధతి యాక్టివ్ సైకిల్ ఆఫ్ బ్రీతింగ్. పరికరం అక్కర్లేదు, ఖర్చు లేదు. రోగి కుర్చీలో వెనక్కి ఆనుకుని, పాదాలు నేలమీద ఉంచి, భుజాలు వదులు చేసి కూర్చోవాలి. ఒక చెయ్యి పొట్టమీద పెట్టుకుని, ఏ ప్రయత్నమూ లేకుండా మామూలుగా ఊపిరి తీసి వదలాలి. పొట్ట నెమ్మదిగా లేచి దిగుతుండాలి. ఆయాసం సద్దుమణిగాక మూడు నాలుగు దీర్ఘశ్వాసలు తీయాలి. ప్రతిసారీ నిండుగా పీల్చి, రెండు మూడు సెకన్లు ఆపి, బలం పెట్టకుండా వదిలేయాలి. ఆ ఆపడం వెనక కారణం ఉంది. కఫం అడ్డుపడిన నాళం వెనకున్న గాలి గదుల్లోకి పక్క గదుల మధ్య ఉండే సన్నని దారుల గుండా గాలి చేరడానికి ఆ క్షణాలు కావాలి. వెనక గాలి చేరితేనే కఫాన్ని ముందుకు నెట్టే శక్తి పుడుతుంది.

మళ్లీ కాసేపు మామూలు శ్వాస. ఆ తర్వాత హఫ్. ఈ పద్ధతిలో అసలు పని చేసేది ఇదే, తప్పులు ఎక్కువగా జరిగేదీ ఇక్కడే. మధ్యస్థంగా ఊపిరి తీసి, నోరు గుండ్రంగా తెరిచి, గొంతు బిగించకుండా, పొట్ట కండరాలతో ‘హా...’ అని గాలిని బయటికి నెట్టాలి. కళ్లద్దాలు తుడవడానికి వాటిమీద ఆవిరి పట్టించేటప్పుడు వదిలే ఊపిరి లాంటిదే ఇది, దానికంటే పొడవుగా, బలంగా ఉంటుంది. మధ్యస్థ ఊపిరితో చేసే పొడవాటి హఫ్ లోతైన నాళాల్లోని కఫాన్ని కదుపుతుంది. కఫం పైకి వచ్చి గొంతు దగ్గర గురగుర వినిపించినప్పుడు నిండుగా పీల్చి, పొట్టిగా, వేగంగా ఒక హఫ్ చేస్తే అది నోట్లోకి వస్తుంది. అప్పుడు ఒక్కసారి దగ్గి ఉమ్మేయవచ్చు.

దగ్గితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. దగ్గులో ముందు గొంతు మూసుకుంటుంది, ఛాతీలో ఒత్తిడి విపరీతంగా పెరుగుతుంది, తర్వాత ఒక్కసారిగా గాలి పేలుతుంది. గోడలు బలహీనపడిన నాళాలు ఆ ఒత్తిడికి అణిగిపోతాయి. కఫం వాటి వెనకే చిక్కుకుంటుంది. ఎడతెగకుండా దగ్గి దగ్గి, ముఖం ఎర్రబడి, పక్కటెముకలు నొప్పి పుట్టినా చారెడు కఫం కూడా రాని పరిస్థితికి కారణం ఇదే. హఫ్‌లో గొంతు తెరిచే ఉంటుంది, ఒత్తిడి అంతగా పెరగదు, నాళం అంతగా అణగదు. కొత్తగా నేర్చుకునేవారు పెదవులు ముడిచి ఊదుతారు, లేదా హఫ్ అనుకుంటూ దగ్గుతారు, లేదా మధ్యలో విశ్రాంతి లేకుండా వరసగా పది చేసి ఛాతీ బిగుసుకుపోయి పిల్లికూతలు తెచ్చుకుంటారు. ఎదురుగా కూర్చుని చూసేవారు లేకపోతే ఈ తప్పులు నెలల తరబడి అలాగే సాగుతాయి.

ఈ శ్వాసల వరసను కనీసం 10 నిమిషాలు, ఎక్కువలో ఎక్కువ 30 నిమిషాలు తిప్పాలి. వరసగా రెండు హఫ్‌లు గురగుర లేకుండా పొడిగా వస్తే ఆ పూటకు పూర్తయినట్టే. అలసట వచ్చినా ఆపేయాలి. భోజనం చేసిన వెంటనే మొదలుపెట్టకూడదు.

బెల్జియంలో జాన్ షెవాయే రూపొందించిన ఆటోజెనిక్ డ్రైనేజ్ అనే పద్ధతిలో తక్కువ గాలి స్థాయి నుంచి మొదలుపెట్టి, ఊపిరి మట్టాన్ని క్రమంగా పెంచుతూ కఫాన్ని పైకి తెస్తారు. దగ్గు తెప్పించకుండా, బస్సులో కూర్చుని కూడా చేసుకోదగ్గది. అయితే నేర్చుకోవడానికి ఓపిక, నేర్పడానికి చేయి తిరిగిన మనిషి కావాలి.

పడుకునే తీరు, పరికరాలు

పాత తరం వైద్యంలో ఛాతీ ఫిజియో అంటే మంచం కాళ్ల వైపు ఎత్తి, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి, వీపు మీద అరచేతులతో తట్టడం. దెబ్బతిన్న భాగం పైకి ఉండేలా పడుకుంటే కఫం జారుతుందన్నది సూత్రం. అది తప్పు కాదు, నేటికీ కొందరికి పనికొస్తుంది. కానీ తలకిందులు భంగిమ గుండెమంట, పుల్లతేన్పులు ఉన్నవారికి పడదు. కడుపులోని ఆమ్లం గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి జారితే జబ్బు ఇంకా ముదురుతుంది. అధిక రక్తపోటు, ఇటీవల రక్తం పడటం, తీవ్ర ఆయాసం ఉన్నవారికీ అది వద్దు. తల దించకుండా పక్కకు తిరిగి పడుకోవడం చాలామందికి సరిపోతుంది. అరచేతులతో తట్టడాన్ని కూడా ఇప్పుడు ప్రధాన చికిత్సగా చూడటం లేదు. తనంతట తాను వ్యాయామం చేయలేని వ్యక్తికి సాయంగా వాడతారు. ఎముకలు గుల్లబారిన వృద్ధుల వీపు మీద కొడుకో కోడలో బలంగా తడితే పక్కటెముక విరిగే ప్రమాదం ఉంది.

స్పెయిన్ ప్రయోగంలో వాడిన ఎల్టగోల్ దీనికి పూర్తిగా భిన్నమైన దారి పట్టింది. బెల్జియం ఫిజియోథెరపిస్టు గీ పోస్తియో దీని రూపకర్త. ఇందులో దెబ్బతిన్న ఊపిరితిత్తిని కిందికి ఉంచి పక్కకు పడుకుని, గొంతు తెరిచి, చాలా నెమ్మదిగా, గాలి పూర్తిగా అయిపోయే దాకా ఊపిరి వదులుతారు. కింద ఉన్న ఊపిరితిత్తి శరీర బరువుకు బాగా కుంచించుకుపోయి, గాలి కదలిక సన్న నాళాల గోడలను రాసుకుంటూ సాగి కఫాన్ని ఊడదీస్తుంది. ఒక పద్ధతిలో దెబ్బతిన్న వైపు పైకి ఉండాలి, ఇంకో పద్ధతిలో కిందికి ఉండాలి. ఇంటర్నెట్‌లో రెండు వీడియోలు చూసి కలగలిపి చేసేవారు ఎందుకు తికమకపడతారో దీన్నిబట్టి అర్థమవుతుంది.

పరికరాల్లో ముఖ్యమైనవి ఫ్లట్టర్, అకపెల్లా, ఏరోబికా వంటివి. వీటిలోకి ఊదితే గాలికి కొంత అడ్డు, దానితోపాటు ప్రకంపన పుడతాయి. అడ్డు వల్ల నాళాలు అణగకుండా తెరుచుకుని ఉంటాయి, ప్రకంపన కఫాన్ని కదుపుతుంది. 2009లో బ్రిటన్‌లో 20 మందితో మూడు నెలల పాటు చేసిన ప్రయోగంలో అకపెల్లా వాడకంతో దగ్గు వల్ల కలిగే ఇబ్బంది తగ్గింది, నడక సామర్థ్యం పెరిగింది. ఇవి కొనలేనివారికి నీటి సీసా పద్ధతి ఉంది. మూతి తెరిచి ఉన్న సీసాలో సుమారు 10 సెంటీమీటర్ల లోతు నీళ్లు పోసి, సెంటీమీటరు వెడల్పున్న గొట్టం అడుగు దాకా దించి, దానిలోకి బుడగలు వచ్చేలా నిదానంగా ఊదాలి. గొట్టం మరీ సన్నగా ఉంటే ఒత్తిడి అనుకున్నదానికంటే పెరుగుతుంది. నీళ్లు ప్రతిరోజూ మార్చాలి, సీసాను, గొట్టాన్ని కడిగి ఆరబెట్టాలి. పిల్లలు ఆడుకునేంత సులువుగా కనిపించినా కొలతలు ఫిజియోథెరపిస్టు చూసి ఖరారు చేయాల్సిందే. ఏ పరికరంలో ఊదినా బుగ్గలు ఉబ్బకూడదు, ప్రతి విడత తర్వాత హఫ్ చేయాలి. ఊదడంతో కఫం కదులుతుందే తప్ప దానంతటది బయటికి రాదు. రక్తం పడుతున్నవారు, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినవారు వీటికి దూరంగా ఉండాలి.

తెలుగు ఇళ్లలో కొవిడ్ తర్వాత దాదాపు ప్రతి వీధిలోనూ కనిపించే మూడు బంతుల స్పైరోమీటర్ సంగతి వేరు. అది గాలి లోపలికి పీల్చే సాధనం. ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తి బాగా విచ్చుకోవడానికి ఇస్తారు. కఫం బయటికి తీయడం దాని పని కాదు. అయినా బ్రాంకియెక్టాసిస్ రోగులు ఎంతో శ్రద్ధగా రోజూ బంతులు లేపుతూ, తాము ఫిజియో చేస్తున్నామనే నమ్మకంతో ఉంటారు. ఆ శ్రద్ధ సరైన పద్ధతికి మళ్లితే ఎంత బాగుండునో అనిపిస్తుంది. కపాలభాతి గురించీ తరచూ ప్రశ్నలు వస్తాయి. హఫ్, కపాలభాతి రెండింటిలోనూ పొట్ట కండరాలతో గాలి నెట్టడం ఉంది కానీ, కపాలభాతిలో ముక్కుతో పొట్టిగా, వేగంగా, వరసగా చేస్తారు. హఫ్‌కు తెరిచిన నోరు, తగినంత లోపలికి తీసిన ఊపిరి, మధ్యలో విశ్రాంతి కావాలి. ప్రాణాయామం మనసుకు నెమ్మది ఇస్తే సంతోషమే, కఫం తీసే సాధనకు అది బదులు కాజాలదు.

ఉప్పునీటి ఆవిరి, మందుల వరస

కఫం బంకలా అంటుకుని రాకపోతే సాధనకు ముందు నెబ్యులైజర్‌లో సెలైన్ ఇస్తారు. మామూలు 0.9 శాతం సెలైన్‌తో మొదలుపెట్టవచ్చు. 3 నుంచి 7 శాతం గాఢత ఉన్న సెలైన్ నాళాల్లోకి నీటిని లాగి కఫాన్ని పల్చబరుస్తుంది. అయితే అది కొందరిలో నాళాలను బిగిస్తుంది కాబట్టి తొలి మోతాదు ఆసుపత్రిలోనే, ముందూ తర్వాతా ఊదే పరీక్ష చేసి ఇవ్వాలి. బ్రిటన్‌లో జరిగి 2025లో ఫలితాలు వెలువడిన ప్రయోగంలో గాఢ సెలైన్ గానీ, కఫాన్ని పల్చబరిచే కార్బోసిస్టీన్ మందు గానీ ఏడాది కాలంలో జబ్బు తిరగబెట్టడాన్ని చెప్పుకోదగ్గంతగా తగ్గించలేదు. కనుక అందరికీ యాంత్రికంగా రాయాల్సింది కాదు, కఫం ఊడిరాక అవస్థపడేవారికి సాయంగా చూడాలి. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య జబ్బులో మేలు చేసే, కఫాన్ని పల్చబరిచే డార్నేస్ ఆల్ఫా ఇతర బ్రాంకియెక్టాసిస్ రోగులకు హాని చేసిందని 1998లోనే తేలింది. ఊపిరితిత్తుల్లో కఫం ఉన్న జబ్బులన్నిటికీ ఒకే మందు చెల్లదనడానికి అది మంచి ఉదాహరణ.

వరస కూడా ముఖ్యం. ముందు నాళాలను విప్పే ఇన్‌హేలర్, తర్వాత సెలైన్, తర్వాత కఫం తీసే సాధన, చివర్లో పీల్చే యాంటీబయాటిక్ లేదా స్టిరాయిడ్. కఫం నిండిన నాళంలోకి ఖరీదైన మందు పీల్చితే అది గోడను తాకకుండా కఫంతోనే బయటికి పోతుంది. నెబ్యులైజర్ కప్పులో కుళాయి నీళ్లు పోయడం ప్రమాదకరం. సూడోమొనాస్ అనే మొండి బ్యాక్టీరియాకు తడి అంటే ఇష్టం, అది ఒకసారి పాతుకుపోతే వదిలించడం కష్టం. వాడిన ప్రతిసారీ కప్పును కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. ఇక గిన్నెలో మరిగే నీళ్లు పెట్టి, దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టే అలవాటు ముక్కుకు హాయినిస్తుందేమో కానీ లోతైన నాళాల్లోని కఫానికి అది సెలైన్ నెబ్యులైజేషన్‌తో సమానం కాదు. పైగా గిన్నె ఒలికి కాళ్లు కాల్చుకునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

నడక కూడా చికిత్సే

ఆయాసం వస్తుందని నడక మానేస్తే కాళ్ల కండరాలు సన్నబడతాయి. సన్నబడిన కండరం చిన్న పనికే ఎక్కువ ఆక్సిజన్ అడుగుతుంది. ఆయాసం ఇంకా పెరుగుతుంది. క్షయ వచ్చి తగ్గినవారిలో అప్పటికే బరువు తక్కువ కాబట్టి ఈ నష్టం మరింత వేగంగా జరుగుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల పల్మనరీ రిహాబిలిటేషన్ కార్యక్రమంలో నడక, సైకిల్, చేతులకూ కాళ్లకూ బరువులతో వ్యాయామం, పోషకాహార సలహా కలిపి ఇస్తారు. ఆస్ట్రేలియాలో 85 మందితో జరిపి 2014లో ప్రచురించిన ప్రయోగంలో ఎనిమిది వారాల వ్యాయామం నడక సామర్థ్యాన్ని పెంచింది, ఏడాదిలో జబ్బు తిరగబెట్టే సంఖ్యను తగ్గించింది. అయితే కార్యక్రమం ముగిశాక పెరిగిన నడక సామర్థ్యం నిలవలేదు. ఎనిమిది వారాలతో చేతులు దులుపుకుంటే కుదరదని దీనర్థం. కేంద్రం అందుబాటులో లేనివారు ఇంట్లోనే కుర్చీలోంచి లేచి కూర్చోవడం, మెట్లెక్కడం, నడుస్తూ రెండు మాటలు మాట్లాడగలిగే వేగంతో రోజూ నడవడం చేయవచ్చు. ముందు కఫం తీసేసి నడకకు వెళ్తే దూరం తేలిగ్గా సాగుతుంది.

ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు పెంచాలి

కఫంలో సన్నని రక్తపు చార కనిపించగానే అన్నీ మానేయనవసరం లేదు. నెమ్మదైన శ్వాస పద్ధతులు వైద్యుని సలహాతో కొనసాగించవచ్చు. తాజా ఎర్రటి రక్తం పడుతుంటే మాత్రం తట్టడం, తలకిందులు భంగిమలు, ఊదే పరికరాలు, బలమైన హఫ్‌లు అన్నీ ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ముఖ్యంగా క్షయ మచ్చలున్నవారిలో రక్తస్రావం ఒక్కసారిగా ఎక్కువ కావచ్చు.

దగ్గు పెరగడం, కఫం పరిమాణం లేదా చిక్కదనం మారడం, రంగు పచ్చగా ముదరడం, ఆయాసం, నీరసం, రక్తం, వీటిలో మూడు లేదా అంతకంటే ఎక్కువ లక్షణాలు రెండు రోజులైనా కొనసాగి, చికిత్స మార్చాల్సి వస్తే జబ్బు తిరగబెట్టినట్టు పరిగణిస్తారు. ఒంట్లో బాగాలేదని ఫిజియో మానేసేది సరిగ్గా ఆ రోజుల్లోనే. నిజానికి అప్పుడు పూటలు పెంచాలి, అలసటను బట్టి ఒక్కో విడతను చిన్నది చేసుకోవాలి. రోజూ ఉదయం కఫం రంగు, సుమారు పరిమాణం క్యాలెండర్‌లో ఒక ముక్క రాసి పెట్టుకుంటే మార్పు తొందరగా పసిగట్టవచ్చు.

ఎవరూ అడగని ఇబ్బంది

దీర్ఘకాలం దగ్గే మహిళల్లో చాలామందికి దగ్గినప్పుడు మూత్రం చుక్కలుగా పడుతుంది. ప్రసవాలైనవారిలో, వయసు మళ్లినవారిలో ఇది మరింత ఎక్కువ. డాక్టరు అడగరు, రోగి చెప్పరు. బట్టలు తడుస్తాయన్న భయంతో దగ్గును బిగబట్టుకుంటారు, హఫ్ చేయడం మానేస్తారు, పెళ్లిళ్లకు, ప్రయాణాలకు దూరమవుతారు. ‘ఫిజియో చేయడం లేదు’ అని రోగిని తప్పుపట్టే ముందు అసలు కారణం ఇదేనేమో కనుక్కోవాలి. మూత్రాశయాన్ని కింది నుంచి మోసే కటి అడుగు కండరాలను బిగించే వ్యాయామాలు దీనికి బాగా ఉపకరిస్తాయి. దగ్గడానికీ, హఫ్ చేయడానికీ ఒక క్షణం ముందు ఆ కండరాలను బిగించి పట్టుకోవడం అలవాటు చేసుకుంటే తడవడం తగ్గుతుంది. నడుం వంచకుండా నిటారుగా కూర్చోవడం కూడా సాయపడుతుంది. ఇదంతా ఫిజియోథెరపిస్టు పరిధిలోని పనే. మహిళా ఫిజియోథెరపిస్టు ఉంటే మాట్లాడటం తేలికవుతుంది.

కఫం చుట్టూ ఉన్న సిగ్గు కూడా తక్కువది కాదు. ఉమ్మితే టీబీ అనుకుంటారని ఆఫీసులో మింగేసేవారు, పెళ్లి సంబంధం చెడుతుందని ఆడపిల్ల దగ్గును దాచిపెట్టే ఇళ్లు మనకు కొత్త కాదు. ఉమ్మిన కఫాన్ని మూత ఉన్న డబ్బాలో లేదా కాగితంలో వేసి పారేసే ఏర్పాటు, సాధనకు ఇంట్లో ఒక మూల, తలుపు వేసుకునే స్వేచ్ఛ ఉంటే ఆ మనిషి దాన్ని కొనసాగించగలుగుతారు. రోగి ఒక్కరికే కాకుండా ఇంట్లో మరొకరికి కూడా పద్ధతి వివరించి చెప్పడం వల్ల ఆ ఏర్పాటు కుదురుతుంది.

నేర్పేవారి కొరత

తెలుగు రాష్ట్రాల పట్టణాల్లో ఫిజియోథెరపీ క్లినిక్‌లకు లోటు లేదు. అవి ఎక్కువగా నడుంనొప్పి, మోకాళ్లు, పక్షవాతం చూస్తాయి. శ్వాసకు సంబంధించిన పనిలో ఆరితేరినవారు పెద్ద నగరాల ఆసుపత్రుల్లోనే ఎక్కువగా దొరుకుతారు. ఫిజియోథెరపీతో సహా అనుబంధ ఆరోగ్య వృత్తుల చదువుకు, రిజిస్ట్రేషన్‌కు చట్రం ఏర్పరుస్తూ 2021లో కేంద్రం చట్టం చేసింది. ఆ చట్రంలో శ్వాస ఫిజియోథెరపీకి ఎంత చోటు ఇస్తారన్నది ఈ రోగులకు ప్రాణప్రదమైన విషయం. క్షయ నియంత్రణ కార్యక్రమం జిల్లా జిల్లాకూ, మండలం మండలానికీ విస్తరించి ఉంది. మందుల కోర్సు ముగిసిన రోజున ఊపిరితిత్తుల స్థితి పరిశీలించి, దగ్గు మిగిలినవారిని ఫిజియోథెరపిస్టు దగ్గరకు పంపే ఏర్పాటు అదే యంత్రాంగంలో చేయవచ్చు. పరికరాలు, భవనాలు కొత్తగా అవసరం లేదు. ఒక కుర్చీ, గాలి వచ్చే గది, శిక్షణ ఉన్న మనిషి చాలు.

ఒకసారి నేర్పితే సరిపోదు. తొలి శిక్షణ తర్వాత మూడు నెలల్లోపు మళ్లీ చూడాలనీ, ఆ తర్వాత ఏడాదికోసారైనా సమీక్షించాలనీ బ్రిటిష్ మార్గదర్శకాలు చెబుతాయి. ఆ సమీక్షలో ‘ఫిజియో చేస్తున్నారా?’ అని అడిగితే దాదాపు అందరూ చేస్తున్నామనే అంటారు. ‘ఒకసారి ఇక్కడే చేసి చూపించండి’ అని అడిగినప్పుడు హఫ్ బదులు దగ్గుతున్నారో, దెబ్బతిన్న వైపును తప్పుగా పెట్టి పడుకుంటున్నారో, బుగ్గలు ఉబ్బించి ఊదుతున్నారో కనిపిస్తుంది. కఫం తగ్గి, పద్ధతి బరువుగా అనిపిస్తుంటే తేలికైనదానికి మార్చవచ్చు. తరచూ ఇన్ఫెక్షన్లు వస్తుంటే భంగిమో పరికరమో జోడించవచ్చు. కిక్కిరిసిన ఛాతీ ఓపీలో వైద్యుడికి అంత సమయం దొరకదు. అక్కడే పక్క గదిలో వారానికి రెండు రోజులైనా ఫిజియోథెరపిస్టు కూర్చుంటే ఈ పరిశీలన జరుగుతుంది.